బాటకు చావు తేదీ పెట్టేదెవరు?

ఇంగ్లండు పల్లెల్లో తిరిగొచ్చినవాళ్లు ఒక మాట అంటుంటారు: "ఎంత మర్యాదస్తులండీ! సొంత పొలంలోంచి ఎవర్నయినా నడవనిస్తారు, కంచె దాటడానికి మెట్లు కూడా కట్టిస్తారు!" ఈ మర్యాద కథ వినీ వినీ విసుగొచ్చింది. అక్కడ దొరలు దయతలచి ఇచ్చింది తక్కువ.

ఆ దయ ఏపాటిదో 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండమీద తేలింది. వారమంతా మాంచెస్టరు పొగలో బతికే కుర్రాళ్లు ఆదివారంనాడైనా కొండగాలి పీల్చుకుందామంటే, గ్రౌజ్ పిట్టల వేటకోసం అట్టిపెట్టిన బీడు అడ్డం. ఏడాదిలో కొద్దిరోజుల వేట, తక్కిన రోజులన్నీ కాపలాదార్ల కర్రలు. బెన్నీ రోత్‌మన్ అనే ఇరవయ్యేళ్లవాడు ముందు నడవగా నాలుగొందలమంది దాకా కొండెక్కారు. ఐదుగురు జైలుకెళ్లారు. అభియోగం అల్లరిమూక అని, అసలు నేరం నడక. రోత్‌మన్‌కు నాలుగు నెలలు.

1949లో చట్టం వచ్చింది, కౌన్సిళ్లు కాలిబాటలన్నీ పటాలకెక్కించాలన్నారు. ఎక్కించారు, చాలావాటిని వదిలేశారు కూడా. తర్వాత 2000 నాటి చట్టం ఒక చేత్తో కొండలూ బీళ్లూ తెరిచి, రెండోచేత్తో గడువు పెట్టింది: 1949కి ముందటి బాట 2026 జనవరి 1 నాటికి పటంలో లేకపోతే హక్కు రద్దు! 2020లో రాంబ్లర్స్ సంఘం కార్యకర్తలు పాత పటాలు ముందేసుకుని వెదికితే, ఇంగ్లండు, వేల్సుల్లో అలా తప్పిపోయినవి 49,000 మైళ్ల దాకా లెక్కతేలాయి.

జనం 20 ఏళ్లు అడ్డులేకుండా, అడగకుండా నడిస్తే అది బాటేనని వాళ్ల చట్టమే అంటుంది. ఒకసారి దారి అయింది ఎప్పటికీ దారేనని వాళ్ల న్యాయస్థానాల పాత సూత్రం. మరి గుమాస్తా గీత గీయడం మరిస్తే శిక్ష నడిచేవాడికా?

రైతుకు ఇబ్బంది లేదని నేననను. కుక్కలు గొర్రెల్ని తరుముతాయి, పైరు నలుగుతుంది. అందుకు బాట మళ్లించే పద్ధతి చట్టంలోనే ఉంది. మళ్లించడం వేరు, మాపెయ్యడం వేరు.

గడువు ఎత్తేస్తామని 2022లో అన్నారు, 2023లో మాట మార్చి 2031కి జరిపారు, 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం మళ్లీ ఎత్తేస్తామంది. ఈలోగా కౌన్సిలు కార్యాలయాల్లో అర్జీలు ఏళ్లతరబడి మూలుగుతున్నాయి. "చిన్నప్పుడు ఈ దారినే బడికెళ్లాం" అని సాక్ష్యం చెప్పగల ముసలివాళ్లు అన్నేళ్లు ఆగుతారా?