క్రీడల పేరిట భూములు, కోట్లు

ధనవంతులు కానివారు తమ బిడ్డలను ఆటలే జీవనోపాధిగా నెంచుకొననీయవలదని 2025 ఫిబ్రవరిలో శ్రీ పుల్లెల గోపీచందుగారు హెచ్చరించిరి. ఈ మాట మఱియొకరు పలికియుండినచో, అది వట్టి నిరాశయని త్రోసిపుచ్చియుందుము. కాని పలికినవారెవరు? 1980లో ప్రకాశ్ పదుకోన్ గారి తరువాత, 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను పోటీలలో గెలిచిన రెండవ భారతీయులు. ఆ విజయముతో తృప్తినొందక గురుపీఠమెక్కి, సైనా నెహ్వాల్, పి. వి. సింధు వంటి శిష్యులను లోకమునకు చూపినవారు. ఇల్లు కట్టినవారే తలుపు మూసియున్నదని చెప్పునపుడు, ఆ యింటికి భూమి నిచ్చిన ప్రజలు విని యూరకుండుట తగదు.

ధనము లేమిచే తలుపు మూసికొన్నదా? కాదు. 2025-26 కేంద్ర బడ్జెటులో యువజన, క్రీడల శాఖకు సుమారు 3,794 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. అందు ఖేలో ఇండియా పథకమునకే 1,000 కోట్లు. 2024 పారిస్ ఒలింపిక్సుకు సన్నాహముగా సుమారు 470 కోట్లు వెచ్చింపబడినవి. 117 మంది క్రీడాకారులు వెళ్లిరి. 6 పతకములు వచ్చినవి. అందు స్వర్ణమొక్కటియు లేదు. పతకమునకు ఇన్ని కోట్లని లెక్కగట్టి క్రీడాకారులను నిందించుట మా యుద్దేశము కాదు. ఒడలు దాచుకొనక పోరాడి యోడినవాడు గెలిచినవానితో సమానముగా గౌరవింపదగినవాడే. మా ప్రశ్న వేఱు. ఈ ధనము, దీనికంటెను విలువైన ప్రజల భూమి, ఎవరి చేతులలో పడుచున్నవి? ఏ నిబంధనలతో పడుచున్నవి? ఎవరి బిడ్డల వఱకు చేరుచున్నవి? జవాబు వెదకుటకు ఢిల్లీ పోనక్కఱలేదు. మన హైదరాబాదునకు పడమట, హైటెక్ సిటీకి చేరువనున్న గచ్చిబౌలియే దీనికి సాక్షి.

పాతికేండ్ల క్రిందట గచ్చిబౌలి రాతిగుట్టలు, పొదలు, చెఱువులు గల చోటు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదున జరిగినవి. వాని కొఱకు ఇచ్చట క్రీడాప్రాంగణము వెలసెను. లోక్‌సభాపతిగా నుండగనే 2002లో హెలికాప్టరు ప్రమాదమున అసువులు బాసిన శ్రీ జి. యం. సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టబడినది. పిదప చుట్టును కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలు లేచినవి. భూమి ధర ఆకాశమునంటినది. సరిగా ఆ మార్పు జరుగుచున్న 2003లో, క్రీడల పేరిట ఇచ్చట రెండు భూనిర్ణయములు జరిగినవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలసినదని పాఠకులను కోరుచున్నాము.

మొదటిది 5 ఎకరముల సంగతి. బాడ్మింటను శిక్షణాలయము కొఱకు ప్రభుత్వము ఆ భూమిని గోపీచందుగారికి లీజుపై ఇచ్చినది. భూమి వచ్చినది గాని భవనమునకు డబ్బు లేదు. ఆయన తన యింటిని తాకట్టు పెట్టిరి. పారిశ్రామికులు శ్రీ నిమ్మగడ్డ ప్రసాదుగారు 5 కోట్లు విరాళమిచ్చిరి. 2008లో శిక్షణాలయము తెఱువబడినది. నాలుగేండ్లకు లండనులో సైనా కాంస్యమును, ఎనిమిదేండ్లకు రియోలో సింధు రజతమును తెచ్చిరి. టోక్యో ఒలింపిక్సుకు సింధు సాధన చేసినది ఆ ప్రాంతముననే యున్న గచ్చిబౌలి ప్రభుత్వ స్టేడియములో. అచట గూడ ఆమెకు కాంస్యము లభించినది. అనగా ప్రజాధనముతో కట్టిన కట్టడము వ్యర్థము కాదు. అందులో నేర్పువాడు, నేర్చువాడు ఉండిన నది ఫలించును.

రెండవది 850 ఎకరముల సంగతి. 2003 ఆగస్టులో ఐ.ఎం.జి. భారత అను సంస్థతో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. ఆ ఒప్పందమునకు కొలది దినములు ముందు మాత్రమే నమోదైన సంస్థ యది. క్రీడా అకాడమీలను, స్టేడియములను నిర్మింతుమనుట దాని వాగ్దానము. అందులకై కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములు, శంషాబాదు విమానాశ్రయ ప్రాంతమున మామిడిపల్లిలో 450 ఎకరములు ఉద్దేశింపబడినవి. శాసనసభ రద్దయి, ఆపద్ధర్మ ప్రభుత్వము మాత్రమే యున్న 2004 ఫిబ్రవరిలో, గచ్చిబౌలి భూమి ఎకరము 50,000 రూపాయల చొప్పున విక్రయింపబడినది. తరువాతి ప్రభుత్వము 2006లో ఆ కేటాయింపును రద్దుచేసినది. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగి, 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు రద్దును సమర్థింపగా, మే నెలలో సుప్రీంకోర్టు సంస్థ అప్పీలును త్రోసివేసినది. ఈ ఇరువదేండ్లలో ఆ భూమిపై ఏ క్రీడా అకాడమియు లేవలేదు. ఒక్క పిల్లవాడును పరుగు నేర్వలేదు. 2025 మార్చిలో అచ్చట చెట్లు కొట్టనారంభింపగా హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు పనులను నిలిపివేసినది. పరిశ్రమలని కొందఱు, అడవి యని కొందఱు వాదించిరి. ఒకనాడు ఆటల పేర చేయిమాఱిన భూమి యను సంగతిని తలచినవారే అరుదైరి.

మేము ఒక పక్షమును నిందించుటకై ఈ కథ చెప్పుటలేదు. రెండు నిర్ణయములును ఒకే ప్రభుత్వము, ఒకే సంవత్సరమున ప్రారంభించినవే. భేదమెక్కడ? మొదటిదానిలో భూమి కొలది. లీజు గాని విక్రయము కాదు. పుచ్చుకొన్న మనిషి చేసిన పని లోకమెఱిగినది. రెండవదానిలో భూమి అపారము, విక్రయము శాశ్వతము, ఎదుట నున్నది వాగ్దానము మాత్రమే. న్యాయశాస్త్రమున దానమునకును, న్యాసమునకును భేదము కలదు. దానమిచ్చినవాడు అంతటితో చేయి కడుగుకొనును. న్యాసముంచినవాడు లెక్క అడుగును. పుచ్చుకొన్నవాడు ధర్మకర్తయై లెక్క చెప్పును. క్రీడల కొఱకు ప్రజలు ఇచ్చు ప్రతి గజము నేలయు, ప్రతి రూపాయయు న్యాసమే గాని దానము కాదు. ఈ సూత్రమును మఱచుటయే నేటి రోగమునకు మూలము.

అయితే మొదటి కథలో గూడ ఒక హెచ్చరిక యున్నది. ఒక్క వ్యక్తి తపస్సును చూచి అదియే వ్యవస్థయని భ్రమింపరాదు. శిక్షణాలయమును నడుపువారే 2006 నుండి జాతీయ జట్టుకు ముఖ్య శిక్షకులుగా గూడ నుండిరి. దీనిని క్రీడాకారులలోనే కొందఱు ఆక్షేపించిరి. గోపీచందుగారి నిజాయితీని మేము శంకింపము. కాని ఎంతటి సత్పురుషుడైనను, తన విద్యార్థులకు గురువుగాను, అందఱు విద్యార్థులకు తీర్పరిగాను ఒకేసారి నిలువవలసిన స్థితిని జాతి కల్పింపరాదు. సత్పురుషుని నమ్మి నియమము లేక విడిచిన పీఠముపై, రేపు అట్లుకానివాడు వచ్చి కూర్చుండవచ్చును.

సందడి లేని పెట్టుబడులు కొన్ని కలవు. సింధు తండ్రి రమణగారు 1986 ఏషియన్ క్రీడలలో కాంస్యము గెలిచిన వాలీబాలు జట్టులోనివారు. తల్లి విజయగారును వాలీబాలు క్రీడాకారిణియే. ఇరువురును రైల్వే ఉద్యోగులు. ఆటగానికి నెలజీతము గల కొలువు దొరకుటచే ఒక కుటుంబము నిలిచెను; మఱుతరమున ప్రపంచవిజేత పుట్టెను. వరంగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామములో పేదయింట పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున కాంస్యము సాధించెను. ఒక శిక్షకుని కంటబడి హైదరాబాదు చేరుట ఆమె భాగ్యము. కంటబడని బిడ్డ లెందఱో! భాగ్యముపై నడచునది వ్యవస్థ కానేరదు.

హైదరాబాదునకు ఈ శాస్త్రము క్రొత్తది కాదు. 1943 నుండి 1963లో కన్నుమూయువఱకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయులు. ఆయన తీర్చిన భారత జట్టు 1951, 1962 ఏషియన్ క్రీడలలో స్వర్ణము గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. అదే నగరమున 2019లో పెట్టుబడిదారులు స్థాపించిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు గచ్చిబౌలిని తన మైదానముగా చేసికొని, 2021-22లో ఇండియన్ సూపర్ లీగు విజేత యయ్యెను. పిదప ఆర్థికపు చిక్కులలో పడి, 2025లో ఢిల్లీకి తరలిపోయెను. ఉపాధ్యాయుడు వేసిన మొక్క ఊరిలో వేళ్లు తన్నెను. వ్యాపారము తెచ్చిన చెట్టు కుండీతో సహా వెడలిపోయెను.

ఇక క్రీడాసంఘముల పాలన. హైదరాబాదు క్రికెట్ సంఘపు తగవులు ముదిరి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుగారిని పర్యవేక్షకులుగా నియమింపవలసివచ్చెను. ఎన్నిక జరిగి క్రొత్త కార్యవర్గము వచ్చిన పిమ్మట, 2025 జూలైలో ఆ సంఘాధ్యక్షుని సి.ఐ.డి. పోలీసులు అరెస్టుచేసిరి. ఆరోపణల నిజానిజములు న్యాయస్థానమున తేలవలసినవి. ముందుగా తీర్పు చెప్పుట మాకు తగదు. కాని డబ్బునకు లోటులేని సంఘమునకే ఇట్టి గతి పట్టినపుడు, లోటు డబ్బుది కాదని వేఱుగ చెప్పవలెనా?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడాపాలన శాసనమును ఆమోదించినది. జాతీయ క్రీడామండలి, క్రీడా ట్రిబ్యునలు, కార్యవర్గములలో క్రీడాకారులకును స్త్రీలకును స్థానములు దాని వలన ఏర్పడును. ఇవి స్వాగతింపదగినవి. కాని సమాచారహక్కు విషయమున శాసనము వెనుకంజ వేసినది. ప్రభుత్వమునుండి గ్రాంటు గాని, ఇతర ఆర్థిక సహాయము గాని పొందిన సంఘములు, ఆ సహాయపు వినియోగము మేరకు మాత్రమే జవాబు చెప్పవలెనట. నామమాత్రపు అద్దెకు ఇచ్చిన భూమి ఆర్థిక సహాయము కాదా? గచ్చిబౌలి వంటి చోట ఎకరము నేల ఏ గ్రాంటునకు తీసిపోవును? భూమిని పుచ్చుకొన్న ప్రతి సంఘమును లెక్క చెప్పవలసినదే యని శాసనమున స్పష్టముగా వ్రాయవలెను.

2025 ఆగస్టులోనే తెలంగాణ ప్రభుత్వమును క్రొత్త క్రీడావిధానమును ప్రకటించినది. 2030 కామన్‌వెల్త్ క్రీడలు అహమ్మదాబాదునకు లభించినవి. 2036 ఒలింపిక్సుకై దేశము ఉవ్విళ్లూరుచున్నది. కోట్లు మరల ప్రవహింపనున్నవి. ఆ ప్రవాహమునకు ముందే గట్లు వేయవలెను. క్రీడల కొఱకైన ప్రభుత్వ భూమిని ఎన్నడును విక్రయింపరాదు. లీజు నిచ్చినచో, ఏటేట ఎందఱు బిడ్డలకు శిక్షణ నిచ్చిరి, అందెందఱికి ఉచితముగా నిచ్చిరి యను లెక్కను బహిరంగముగా ప్రకటింపవలెను. లెక్క చూపనివారి లీజు రద్దుకావలెను. జట్టును ఎన్నుకొను చేయి వేఱు, శిక్షణశాలను నడుపు చేయి వేఱు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక ఆటస్థలమును, ఒక వ్యాయామోపాధ్యాయుడును ఉండవలెను. అద్దాల మేడలను కట్టిన కూలివాని బిడ్డ ఉదయము సాయంత్రములందు గచ్చిబౌలి మైదానములోనికి కాపలావాని కంటికి జంకక పోగలుగవలెను.

పాఠకమహాశయులారా! ఈ పని ప్రభుత్వము తనంత చేయునని యెదురు చూచుట వ్యర్థము. మీ యూరి స్టేడియము నేల ఎవరి పేర నున్నది, ఏ షరతుతో నున్నది, నేడు అందెవరు ఆడుచున్నారు అని సమాచారహక్కు చట్టము క్రింద ఒక అర్జీ పెట్టుడు. వచ్చిన జవాబును పఠనాలయపు గోడకు అంటింపుడు. ధర్మకర్తను అడుగువాడు లేనినాడు న్యాసము సొంత ఆస్తి యగును. అడుగువారుండిననాడు గోపీచందుగారు చూపిన ఆ మూసిన తలుపు పేదవాని బిడ్డకును తెఱచుకొనును.