బల్లపై ఓరుగల్లు

చతురంగ బలాలను గళ్ళలో నిలిపి, యుద్ధనీతిని వినోదంగా నేర్పిన చదరంగం ఈ నేలపై పుట్టింది. అటువంటి మనం, గోదావరిఖని అంగళ్ళలో చౌకగా దొరికే ప్లాస్టిక్ సైనికులను పసిపిల్లల ఆటవస్తువులని తీసిపారేస్తున్నాం. అవి చరిత్రను నేర్పగల సాధనాలని నా విశ్వాసం.

1323లో ఉలుఘ్ ఖాన్ ఓరుగల్లును జయించాడనీ, ప్రతాపరుద్రునితో కాకతీయ రాజ్యం అంతరించిందనీ చదువుతాం. పరీక్షలో రాసి మరచిపోతాం. ఆ కోటను ఒకసారి బల్లపై కట్టి చూడండి. తడిమట్టితో వెలుపలి మట్టికోట, గులకరాళ్ళతో లోపలి రాతికోట, ఒక్కొక్కదాని చుట్టూ అగడ్త. ముట్టడించేవారికి ఒక రంగు, రక్షించేవారికి మరొక రంగు. పాచిక వేసి సేనలను కదపండి. తుపాకి పట్టిన బొమ్మను కాకతీయ భటునిగా ఊహించుకోవలసిందే. పేదవాని ఆటకు ఊహే పెట్టుబడి. శత్రువు చుట్టుముడితే లోపలి ధాన్యం ఎన్నాళ్ళు వస్తుంది? మట్టికోట కూలితే జనం ఎక్కడ తలదాచుకుంటారు? ఈ ప్రశ్నలు పుట్టిన క్షణాన ఆ తేదీకి ప్రాణం వస్తుంది.

ఇటువంటి ఆట యుద్ధవ్యామోహాన్ని పెంచుతుందని కొందరి శంక. 1913లో ‘లిటిల్ వార్స్’ అనే గ్రంథంలో బొమ్మల పోరుకు నియమాలు కూర్చిన ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్, దానిని ఆడినవారికే నిజమైన యుద్ధం ఎంత అవివేకమో బోధపడుతుందని వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

బల్లపై ఒరిగిన బొమ్మను ఆట ముగిశాక మళ్ళీ నిలబెడతాం. కోటగోడ కింద ఒరిగినవాడు లేవడు. గనిలోకి దిగిన తండ్రి తిరిగివచ్చేదాకా వాకిట ఎదురుచూసే ఈ ఊరి పిల్లలకు ఆ భేదాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.