ప్రాసెసరు మనదే, పనిముట్లో?

శ్రీశైలము ఆనకట్ట నీటిలో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమున మరల నిలిపిరి. కట్టడపు కూర్పు కంటికి కనబడుచుండెను గనుకనే యది సాధ్యమైనది. కంప్యూటరు సాఫ్ట్‌వేరునకును ఇదియే న్యాయము.

మద్రాసు ఐ.ఐ.టి. వారు ‘రిస్క్-ఫైవ్’ అను బహిరంగ ఆదేశభాషపై ‘శక్తి’ ప్రాసెసరులను నిర్మించిరి. 2022లో కేంద్రప్రభుత్వము ‘డిర్-వి’ పథకమును ప్రకటించెను. సంతోషమే! కాని ఇంటెలు జాతి ప్రాసెసరులకై కూర్చిన సాఫ్ట్‌వేరు వీనిపై నేరుగా నడువదు. మూలగ్రంథము విక్రేత పెట్టెలో తాళమువేసి యుండగా దానిని మార్చువాడెవడు? ఆయనకు దయ కలుగువరకు వేచియుండుటయేనా స్వాతంత్ర్యము?

మూలము బహిరంగమైన లిబ్రే ఆఫీసు సంగతి వేరు. అందధికభాగమును క్రొత్త ప్రాసెసరుకై మరల కంపైలు చేసిన చాలును. యంత్రము నంటియుండు కొలది భాగమును మాత్రము క్రొత్తగా వ్రాయవలెను. ఆ పని జరిగినది. 2025 ఆగస్టున వెలువడిన డెబియన్ 13 రిస్క్-ఫైవ్‌ను అధికారికముగా చేర్చుకొన్నది. ఇందు మన కళాశాలల పాలెంత? తెలుగు ఒత్తులు సరిగా పడుచున్నవో లేదో పరీక్షించుటయు విదేశీయుని పనియేనా? తెలుగు డెస్కుటాపును కూర్చిన హైదరాబాదు ‘స్వేచ్ఛ’ వారు దారి చూపలేదా? (మా వకీళ్లును నిర్దోషులు గారు, తెలుగు అర్జీకిని అద్దె సాఫ్ట్‌వేరే!)

ప్రాసెసరు ఇంకను ఎదుగవలెనందురు. నిజమే, కాని దప్పిగొన్న పిదప బావి త్రవ్వుదురా? కర్నూలు, కడప కళాశాలలు రిస్క్-ఫైవ్ బోర్డులను తెప్పించి విద్యార్థులచే ఈ పని చేయింపవలెను. ప్రభుత్వము కొను ప్రతి సాఫ్ట్‌వేరు ఒడంబడికలోను, మూలమును అప్పగింపవలెనను షరతు నేడే వ్రాయవలెను.