మన మట్టి ఖాతాలో ఎంత మిగిలింది?

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని వార్డెన్ గారు కబురు పెడితే, ఏం రాయాలా అని మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. హాస్టల్ రోజుల జ్ఞాపకాలు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే ఈసారి మన కాళ్ళ కింద ఉన్న మట్టి గురించి రాద్దామనుకున్నాం. పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల నుంచి ఈ హాస్టల్‌కు వచ్చిన మనలో చాలామంది తల్లిదండ్రులు మట్టినే నమ్ముకున్నవాళ్ళు. అరెకరం సొంతానికి ఉన్నవాళ్ళు కొందరు, కౌలుకు చేసేవాళ్ళు కొందరు, కూలికి వెళ్ళేవాళ్ళు ఇంకొందరు. ఆ మట్టి బాగుంటేనే మన ఇంట్లో పొయ్యి వెలిగేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేము దసరా సెలవులకు ఇళ్ళ దగ్గరే ఉన్నాం. తెల్లారి తలుపు తీసి చూస్తే ఊరి రూపమే మారిపోయింది. తాతల నాటి కొబ్బరి చెట్లు నేలమీద పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఏం తినాలని మా ఊళ్ళోవాళ్ళు అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరులోనే వచ్చాయి. సముద్రం వేడెక్కినకొద్దీ తుపానులకు బలం ఎక్కువవుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ వేడికి కారణం బొగ్గు, పెట్రోలు కాల్చగా గాలిలో పేరుకుపోయిన బొగ్గుపులుసు వాయువు. ఆ పొగ మన పల్లెలు పెట్టినది కాదు. దెబ్బ మాత్రం మనకే ముందు తగిలింది.

అయితే గాలిలో చేరిన కర్బనంలో కొంత భాగం నేలలోంచే పైకి పోయిందని, దాన్ని తిరిగి నేలలోకి తేవచ్చని చెప్పిన ఒక శాస్త్రవేత్త గురించి మీరందరూ తెలుసుకోవాలి. ఆయన పేరు రతన్ లాల్. 1944లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టారు. దేశ విభజనలో కట్టుబట్టలతో వచ్చి హర్యానాలో చిన్న కమతం చేసుకున్న కుటుంబం వారిది. లూధియానాలో, ఢిల్లీలో వ్యవసాయం చదివి, 1968లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 1970 నుంచి 1987 దాకా నైజీరియాలోని ఇబాదాన్‌లో పనిచేశారు. అడవి కొట్టి దున్నిన నేల కొద్ది ఏళ్ళలోనే సారం కోల్పోవడం అక్కడే చూశారు. ఆయనకు 2020లో ప్రపంచ ఆహార బహుమతి, 2021లో పద్మశ్రీ వచ్చాయి.

ఆయన 2004లో ప్రచురించిన ఒక పరిశోధనా వ్యాసంలోని లెక్కలు చూసి మేము ఆశ్చర్యపోయాం. నేలలో ఒక మీటరు లోతు వరకు ఉన్న కర్బనం అప్పటికి గాలిలో ఉన్నదానికి 3.3 రెట్లు. మొత్తం చెట్టూచేమా, జీవరాశిలో ఉన్నదానికి 4.5 రెట్లు. మనిషి దున్నడం మొదలుపెట్టిన నాటి నుంచి నేల పోగొట్టుకున్నది 4,200 నుంచి 7,800 కోట్ల టన్నులు. మంచి పద్ధతులు పాటిస్తే అందులో సగానికి పైగా వెనక్కి తేవచ్చని ఆయన అంచనా. నేలను ఆయన బ్యాంకు ఖాతాతో పోలుస్తుంటారు. వేసినదానికంటే ఎక్కువ తీస్తూ పోతే ఖాతా ఖాళీ కాక ఏమవుతుంది?

ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ఆ కర్బనం వేళ్ళ ద్వారా, రాలిన ఆకు ద్వారా, గత్తం ద్వారా మట్టిలోకి చేరుతుంది. సూక్ష్మజీవులు దాన్ని తిని కొంత మళ్ళీ గాలిలోకి వదులుతాయి, కొంత మట్టి రేణువులను పట్టుకుని నిలిచిపోతుంది. అలా నిలిచినదే నేలకు సారం, నీటిని పట్టి ఉంచే బలం. మన ఉద్దానం తీరం ఇసుక నేల. ఇసుకలో బంకమట్టి తక్కువ కాబట్టి కర్బనం నిలవడం కష్టం. పైగా మన ఎండలకు అది తొందరగా కరిగిపోతుంది. కాబట్టి మనం ఏటా వేస్తూనే ఉండాలి.

మరి మనం చేస్తున్నదేమిటి? జీడిపిక్కలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకు ఊడ్చి, కుప్ప వేసి నిప్పు పెట్టడం మేమంతా చిన్నప్పుడు చేసిన పనే. ఏడాదంతా చెట్టు కూడబెట్టిన సొమ్మును ఒక సాయంత్రం తగలబెట్టి చలి కాచుకున్నాం. తెలియక చేశాం. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాం.

2024 జూలైలో పోర్చుగల్ దేశంలోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి బహుమతిని ముగ్గురికి కలిపి ఇచ్చింది. ఒకరు రతన్ లాల్. ఇంకొకటి ఈజిప్టులోని సెకెమ్ సంస్థ. మరొకటి మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. ప్రపంచానికి మట్టి పాఠం చెప్పిన పెద్దాయన పక్కన మన మహిళా సంఘాల అమ్మలు నడిపించే కార్యక్రమం నిలబడింది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం, ఘనజీవామృతం వేయడం, నేలను ఖాళీగా ఎండకు వదలకపోవడం అందులోని పద్ధతులు. ఇది మనకు గర్వకారణం.

కానీ తమ్ముళ్ళారా, చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదు. మా మనసులో రెండు సందేహాలున్నాయి, వాటిని దాచుకోం.

మొదటిది లెక్క సందేహం. ఎకరా నేల పై పొరలో, అంటే అర అడుగు లోతులో, సుమారు 9 లక్షల కిలోల మట్టి ఉంటుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరిగిందంటే 900 కిలోల కర్బనం చేరినట్టు. అది గాలిలోంచి తీసిన సుమారు 3.3 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇది ఒక రైతు కొన్నేళ్ళ కష్టం. ఇప్పుడు పలాస స్టేషన్‌లో నిలబడి బొగ్గు గూడ్సు బండి పోవడం చూడండి. ఒక వ్యాగన్‌లో 60 టన్నుల బొగ్గు అనుకుంటే, దాన్ని కాల్చితే వచ్చే వాయువు సుమారు 100 టన్నులు. ఒక్క వ్యాగన్‌కు ముప్పై ఎకరాల రైతుల కష్టం సరి! బండికి యాభైకి పైగా వ్యాగన్లు. మట్టి మొత్తం భారం మోయలేదు. ప్రపంచం విడిచే పొగలో 5 నుంచి 15 శాతం వరకే నేల సర్దగలదని రతన్ లాల్ 2004లోనే రాశారు. కాబట్టి పేదరైతు చేత మట్టిని బాగుచేయించి, ఆ పేరు చెప్పి పెద్దవాళ్ళు బొగ్గు కాల్చుకుంటామంటే మేము ఒప్పుకోం.

రెండోది హక్కు సందేహం. నేలలో కర్బనం పెరగడానికి ఏళ్ళు పడుతుంది. మన నాన్నల కౌలు ఏడాదికే. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన చట్టం కూడా సాగుదారుకు ఇచ్చిన హక్కు పత్రం గడువు 11 నెలలే. వచ్చే ఏడాది ఎవరు దున్నుతారో తెలియని నేలకు ఈ ఏడాది ఎవరు పది బళ్ళ గత్తం తోలతారు? రేపు కర్బనానికి డబ్బులిస్తామని ఎవరైనా వస్తే, ఆ డబ్బు పట్టాదారుకు పోతుందా, దున్నినవాడికి వస్తుందా? కౌలు కనీసం అయిదేళ్ళకు రాసివ్వాలి, మట్టి పెంచిన ఫలం మట్టి పిసికినవాళ్ళకే చెందాలి. ఇదీ మా అభిప్రాయం.

సోంపేట బీల సంగతి కూడా మరువకూడదు. నీరు నిలిచే చిత్తడి నేలలో ఆకు, గడ్డి తొందరగా కుళ్ళవు. అందుకే అక్కడ కర్బనం ఎక్కువ కాలం భద్రంగా ఉంటుంది. ఆ బీలలో థర్మల్ కేంద్రం వద్దని జనం నిలబడితే 2010 జూలై 14న కాల్పులు జరిగి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. వాళ్ళు కర్బనం లెక్కలు చదివి పోరాడలేదు. తమ చేపలు, తమ పంట, తమ నీళ్ళ కోసం నిలబడ్డారు. కానీ వాళ్ళు కాపాడినది అందరిదీ.

ఇప్పుడు మనం చేయగలిగినది చెప్పి ముగిస్తాం. మన హాస్టల్ వంటగది వెనక రోజూ పారేసే కూరగాయల తుక్కుకు, రాలిన ఆకుకు ఒక కంపోస్టు గొయ్యి తవ్వుదాం. మొదటి గొయ్యి తవ్వడానికి ఈ వార్షికోత్సవం మర్నాడు పలుగూ పారతో మేమే వస్తాం. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు భూసార పరీక్ష కార్డు ఉంటే తీసి, సేంద్రియ కర్బనం అన్న గడి చూడండి. 0.5 శాతం కంటే తక్కువుంటే అది మన నేల ఆకలితో ఉందని చెప్పే లెక్క. ఆ లెక్క అమ్మానాన్నలకు చదివి వినిపించండి. జీడి ఆకుకు నిప్పు పెట్టనివ్వకండి.

మీలో కొందరైనా ఇంటర్ తరవాత వ్యవసాయ కళాశాలకు వెళ్ళి మట్టి శాస్త్రం చదవాలని మా కోరిక. ఉద్దానం పేరు చెబితే బయటివాళ్ళకు కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది, తుపాను గుర్తుకొస్తుంది. మన హాస్టల్ నుంచి వెళ్ళిన ఒక మట్టి శాస్త్రవేత్త పేరు గుర్తుకొచ్చే రోజు కూడా రావాలి. కాందిశీకుల కుటుంబంలో పుట్టిన పిల్లవాడు అంతవాడు కాగలిగినప్పుడు, కూలివాళ్ళ ఇళ్ళలో పుట్టిన మనం ఎందుకు కాలేం?