అది మెరుపు కాదు సార్, నూనె!

2023 మే నెలాఖర్లో నేనో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. ఏడేళ్ళ బండి. ఇంజనూ, టైర్లూ, సర్వీసు కాగితాలూ అన్నీ చూశాననుకోండి. కానీ నిజం చెప్పొద్దూ, నన్ను పడేసింది మాత్రం ఆ నల్ల ప్లాస్టిక్కే. బంపరు కింది అంచూ, చక్రాల చుట్టూ ఉండే పట్టీలూ, సైడు అద్దాల మొదళ్ళూ.. నిగనిగలాడిపోతున్నాయి. "ఎప్పుడూ సెల్లార్లోనే పెట్టారండీ, ఎండే తగల్లేదు" అన్నాడు అమ్మినాయన. అంత నల్లగా ఉందంటే నిజమే కాబోలనుకున్నా.

జూన్లో రెండు వానలు పడ్డాయి. అంతే.. చంటిపిల్ల బుగ్గ మీద కాటుక కారినట్టు చారలు. నెల తిరిగేసరికి మొత్తం బూడిదరంగు.

వాషింగ్ సెంటరుకి తీసుకెళ్తే, గోడ మీద ధరల బోర్డులో "ప్లాస్టిక్ రెస్టోరేషన్" అని ఉంది. పన్నెండొందలు. కుర్రాడు ఓ డబ్బాలోంచి పాలలాంటి ద్రవం స్పాంజి మీద పోసి రుద్దాడు. పావుగంటలో కారు కొత్తదైపోయింది. ఆరు వారాల్లో మళ్ళీ పాతదైపోయింది. ఇంకోసారి వెళ్ళాను. మళ్ళీ అదే కథ. మూడోసారి మాత్రం డబ్బులు తియ్యకుండా, అసలీ డబ్బాలో ఉన్నదేంటని కూర్చుని చదివాను. అప్పుడొచ్చింది కోపం.

విషయమేంటంటే, ఆ ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపిలీన్. నలుపు రావటానికి అందులో కలిపేది కార్బన్ బ్లాక్, అంటే ఒకరకం మసి అన్నమాట. మసి ఎండకి వెలవదు. వెలిసేది దాన్ని పట్టుకుని ఉన్న ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి, గాలిలోని ఆక్సిజన్ తోడై, పాలీప్రొపిలీన్ గొలుసులు తెగిపోతాయి. పైపొర పెళుసెక్కి, కంటికి కనపడనంత సన్నగా పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళ మీద పడ్డ వెలుతురు చెల్లాచెదురై మనకి బూడిదరంగు కనిపిస్తుంది. అంటే అది మురికి కాదు, దెబ్బ.

మరి డబ్బాలో ఉన్నదేంటి? చాలావాటిలో ఉండేది సిలికాన్ నూనె. అది పగుళ్ళలోకి దిగి వాటిని నింపుతుంది, వెలుతురు చెదరటం తగ్గుతుంది, నలుపు మళ్ళీ కనిపిస్తుంది. చిన్నప్పటి పలక గుర్తుందా? తడిగుడ్డ పెట్టి తుడిస్తే నల్లగా మెరిసేది, ఆరగానే మళ్ళీ తెల్లబారేది. అచ్చం అదే. నీళ్ళ బదులు నూనె కాబట్టి పోవటానికి కొన్ని వారాలు పడుతుంది, అంతే తేడా. తెగిన గొలుసు ఒక్కటీ అతుక్కోదు.

దీన్ని రెస్టోరేషన్ అనటం, బగ్ ఫిక్స్ చెయ్యకుండా ఎర్రర్ మెసేజ్ దాచేసి "డన్" అని టికెట్ మూసెయ్యటంలాంటిది. మా ఆఫీసులో అలా చేస్తే మేనేజరు ఊరుకోడు. ఇక్కడ మాత్రం బోర్డు పెట్టి మరీ పన్నెండొందలు తీసుకుంటారు. రుద్దిన కుర్రాణ్ణి నేననటం లేదు. ఓనరిచ్చిన డబ్బా వాడు రుద్దాడు. బోర్డు రాయించినవాళ్ళనే అంటున్నా.

"మొహానికి పౌడర్ రాసుకోమా? ఇదీ అంతే కదా" అంటారు కొందరు. రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పౌడర్ అని చెప్పి, పౌడర్ ధరకి అమ్మండి. వైద్యం అని చెప్పకండి. పెళ్ళిచూపుల్లో పౌడర్ రాసి వయసు తగ్గించి చెబితే దాన్ని అలంకారమనరు, మోసమంటారు. నాకు బండి అమ్మినాయన చేసింది అదే. నూనె రాయటం తప్పు కాదు, రాసి "ఎండే తగల్లేదు" అనటం తప్పు.

హీట్ గన్ వాళ్ళది ఇంకో పద్ధతి. వేడిగాలి కొడితే పైపొర కరిగి పగుళ్ళు పూడతాయి, నలుపు వస్తుంది. ఇది నూనె కంటే నయమే, నీళ్ళకి పోదు. కానీ ఎండని తట్టుకోవటానికి ఫ్యాక్టరీలో కలిపిన స్టెబిలైజర్లు ఆ పొరలో అప్పటికే ఖర్చైపోయి ఉంటాయి. అవి వేడికి తిరిగి రావు. కాబట్టి మళ్ళీ వెలుస్తుంది. చెయ్యి కాస్త ఆగిందా, పట్టీ వంకర పోతుంది.

ఇక తయారు చేసినవాళ్ళ సంగతి. రంగు వెయ్యని ప్లాస్టిక్ పెట్టటానికి మంచి కారణాలే ఉన్నాయి. చవక, బరువు తక్కువ, చిన్న గీతలు కనపడవు. ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు చిన్న కార్లకి కూడా జీపు వేషం వెయ్యటానికి చుట్టూ నల్ల పట్టీలు తగిలిస్తున్నారు. రెంటచింతల, రామగుండం లాంటి ఊళ్ళున్న చోట అమ్మే బండికి స్టెబిలైజర్ ఎంత కలపాలన్నది కెమిస్ట్రీ తెలియక ఆగే ప్రశ్న కాదు, ఖర్చు లెక్క. అక్కడ మిగిల్చుకున్నది తర్వాత మన జేబులోంచి డబ్బాడబ్బాగా పోతోంది.

మరేం చెయ్యాలంటారా? సబ్బు నీళ్ళతో బ్రష్షు పెట్టి పాత నూనె మొత్తం వదిలించి, బాగా ఆరనిచ్చి, గట్టిపడి అతుక్కునే రకం కోటింగ్ వేయిస్తే నెలల తరబడి నిలుస్తుంది. రంగే వేయించాలంటే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి, పాలీప్రొపిలీన్‌కి రంగు ఊరికే అంటుకోదు. చిన్న ముక్కైతే మార్చెయ్యటమే మేలు. ఇవేవీ కాదంటే బూడిదరంగుతోనే తిరగండి, బండి పరువేం పోదు.

పాత బండి కొనేవాళ్ళకి ఒక్క మాట. గిన్నెలు తోమే సబ్బు, ఓ గుడ్డ పట్టుకెళ్ళండి. పట్టీ మీద జానెడు మేర గట్టిగా రుద్ది, కడిగి, పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడిగా ఉంటే అన్నీ నల్లగానే కనిపిస్తాయి, మోసపోకండి. ఆరాక ఆ జానెడూ బూడిదరంగుకి తిరిగితే బండి ఎండలో నానిందనే లెక్క. ఎండ మాట అబద్ధమైతే కిలోమీటర్ల మాట కూడా ఇంకోసారి చూసుకోవాలి. రుద్దనివ్వనంటే మరీ మంచిది, వెనక్కొచ్చెయ్యండి.

ఇప్పుడీ కారు నేను అమ్మేస్తున్నా. "ఓ మూడొందల డబ్బా కొట్టించండి సార్, పదివేలు ఎక్కువొస్తుంది" అంటున్నాడు బ్రోకరు. వాడి లెక్క తప్పని నేననను, నా విషయంలో కరెక్టుగానే పనిచేసింది కదా! కానీ కొట్టించటం లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు బూడిదరంగు చూసి ధర తగ్గించమంటే తగ్గిస్తా. కనీసం జూన్లో వాన పడ్డప్పుడు నన్ను తిట్టుకోరు.