గాయపడ్డవాళ్ల కూలి లెక్క

మిర్చి కోతలు, పత్తి తీతలు మొదలయ్యాయంటే ఆటోల్లో, ట్రాక్టర్ ట్రాలీల్లో కిక్కిరిసిన ప్రయాణాలూ మొదలవుతాయి. ప్రమాదం జరిగితే చనిపోయినవారి పేర్లు పత్రికల్లో వస్తాయి. మిగిలినవారి సంగతి 'పలువురికి గాయాలు' అన్న రెండు మాటలతో సరి. వాళ్లలో కాలు విరిగిన ఆమె ఈ సీజన్ కూలి ఎంత పోగొట్టుకుందో, వచ్చే ఏడు వంగి నాటు వేయగలదో లేదో ఎవరూ అడగరు. ఈసారి ఆ లెక్క గురించే రాస్తున్నాం.

ఊళ్లలో సాధారణంగా జరిగేది తెలిసిందే. బండి యజమాని ఆస్పత్రి బిల్లు కడతాడు. పెద్దమనుషులు కూర్చుని మరో పదో ఇరవయ్యో వేలు ఇప్పించి, కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. నష్టమంటే ఆస్పత్రి బిల్లేనని ఇరుపక్షాలూ అనుకుంటాయి. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే వైద్యం ఖర్చు ఒక పద్దు మాత్రమే. మంచాన ఉన్నన్నాళ్లూ పోయిన కూలి ఇంకో పద్దు. శాశ్వతంగా తగ్గిపోయిన సంపాదన మరొకటి, తరచూ అన్నిటికన్నా పెద్దది అదే.

'మనకు జీతం చీటీ ఎక్కడిది, ఎలా రుజువు చేస్తాం?' అనేది మొదటి సందేహం. బెంగళూరులో 2004లో గాయపడిన రామచంద్రప్ప అనే కూలి తన సంపాదన నెలకు 4,500 రూపాయలన్నాడు. ట్రిబ్యునల్ దాన్ని 3,000కు కోసింది. ఆ రోజుల్లో కూలి రేటు చూస్తే అతను అడిగింది న్యాయమైనదే, కూలివాడి దగ్గర కాగితాలు ఉండవు అంటూ 2011లో సుప్రీంకోర్టు 4,500నే ఒప్పుకుంది. అలాగని ఖాళీ చేతులతో వెళ్లకూడదు. ముఠా మేస్త్రి రాసుకున్న హాజరు పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, పాలకేంద్రం పుస్తకం, పని ఇచ్చిన రైతు సాక్ష్యం, ఇవన్నీ అక్కరకొస్తాయి.

రెండో చిక్కు వైకల్యం శాతం. డాక్టరు రాసిన 20 శాతాన్నే సంపాదన నష్టంగా లెక్కకడితే మోసపోయినట్టే. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో దాదాపు మొత్తం జీవనాధారం పోయినట్టే. మోకాలు వంగని వ్యవసాయ కూలీకీ ఈ వాదనే వర్తించాలి. 38 ఏళ్ల మనిషి ఉన్నాడనుకోండి. నెల ఆదాయం 10,000, దానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, సంపాదన నష్టం 50 శాతం, ఆ వయసుకు గుణకం 15. మొత్తం 12,60,000 రూపాయలు. అదే మనిషికి ఆదాయం 6,000, నష్టం 20 శాతం అని రాస్తే 3,02,400. గాయం ఒకటే, తేడా అంతా సాక్ష్యంలో ఉంది. అందుకే వైద్యం చేసిన డాక్టరు వచ్చి, ఈ మనిషి ఏ పని చేయలేడో చెప్పడం ముఖ్యం.

సొంత భూమి ఉన్న రైతుకు మరో మెలిక ఉంది. 'భూమి ఎక్కడికీ పోలేదు కదా, పంట వస్తూనే ఉంది' అంటారు బీమా కంపెనీ వకీళ్లు. మరణం కేసే అయినా, 2003లో జస్బీర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు కూడా భూమి వారసులకే ఉంది కాబట్టి మొత్తం పంట ఆదాయాన్ని నష్టంగా చూడలేమంది, అయితే సేద్యం చూసుకోవడానికి మనిషిని పెట్టుకోవాల్సి రావచ్చని ఒప్పుకుంది. మన రైతు పట్టుకోవాల్సింది ఆ రెండో మాటే. గాయం తర్వాత దున్నకానికి, నీళ్లు పెట్టడానికి, మందు కొట్టడానికి ఎవరికి ఎంత ఇచ్చారో తేదీలతో రాసిపెట్టుకోండి. పాసుపుస్తకం భూమినే చూపిస్తుంది, మీ ఒంటి కష్టాన్ని చూపించదు. కౌలు రైతు విషయంలో ఈ వాదన నిలవదు. అతనికి మిగిలిన భూమి ఏదీ? కౌలు కార్డో, కౌలు చీటీయో అందుకే భద్రంగా ఉండాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా కేసు వేయాలి. ఈ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. గుంటూరు మిర్చికి వెళ్లిన కర్నూలు కూలీలకు ఇది పెద్ద ఊరట. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వచ్చిన దాంట్లో ఇంత వాటా అని వకీలు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం, ఆ మాట మొహమాటపడకుండా చెప్పండి.

మన సభ్యుల్లో ట్రాక్టర్లున్నవారూ ఉన్నారు. ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే బీమా కంపెనీ చేతులెత్తేయాలని చూస్తుంది, ఆ భారం చివరికి మీ పొలం మీద పడవచ్చు. కూలీల మీద కోపం పెట్టుకుని లాభం లేదు. మనుషులకు వేరే బండి మాట్లాడండి, బీమా గడువు చూసుకోండి.

గ్రామ కమిటీలను మేము కోరేది ఒక్కటే. ప్రమాదం జరిగిన వారంలోగా గాయపడిన ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లండి. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉందో లేదో చూడండి, ఆస్పత్రి కాగితాలు ఒక సంచిలో పెట్టించండి, అప్పటి కూలి రేటు, నెలకు దొరికే పనిదినాలు రాసి ఇద్దరితో సంతకం చేయించండి. పెద్దమనుషుల కాగితం మీద వేలిముద్ర పడేలోపే ఈ పని జరగాలి.