గుట్టు కన్నా గుండె ముఖ్యం

అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చట్టం. హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో నలుగురూ గుర్తుపట్టే ముఖాలు ఎక్కువ కాబట్టి చీటీ అడిగితే పరువు పోతుందన్న బెరుకు సహజమే. కానీ అసలు ముప్పు ఈ మాత్ర ఇంకో మందుతో కలవడంలో ఉంది. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు కూడా ఈ మాత్రల్లాగే రక్తనాళాలను సడలిస్తాయి. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ వాడకూడదన్నది వైద్య నియమం. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటి మందులతోనూ జాగ్రత్త అవసరం.

తిండితో అంత ప్రమాదం లేదు. నెయ్యి దండిగా వేసిన బిర్యానీ తింటే సిల్డెనాఫిల్ ప్రభావం గంట దాకా ఆలస్యం కావచ్చు. పనిచేయలేదనుకుని రెండో మాత్ర మింగడమే అపాయం. అతిగా తాగిన మద్యం రక్తపోటును ఇంకా దించుతుంది. మూలికల మందుకు ఈ బెడద లేదు కదా అంటారు. కానీ ‘సహజం’ అని అమ్మిన ఎన్నో సరుకుల్లో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుకుంది. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను మన దేశం 1954లోనే నిషేధించింది. మందుల దుకాణంలో చీటీ కోసం గట్టిగా అడిగితే జనం దొంగదారి పడతారన్న వాదనా ఉంది. కానీ పక్కకు పిలిచి, గుండెకు ఏం వాడుతున్నారని మెల్లగా అడిగితే ఎవరూ పారిపోరు. ఫార్మసిస్టులు అడగాలి. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్లేవారు వేసుకున్న మాత్ర పేరు, వేళ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.